నాలుగేండ్లు వాడినాక ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ గురించి

ఆ గీత వాలడం చూడ్డానికే నేను ఈ పరికరం ముందు కూర్చుంటాను. అనంతపురంలో మా ల్యాబుకు ఈ క్లార్క్ ఎలక్ట్రోడ్, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పరికరం, వచ్చి నాలుగేండ్లయింది. ఈస్ట్ కణాలు పోసి మూత బిగిస్తే చాలు, నిమిషంలోపే స్క్రీన్ మీద ఆక్సిజన్ గీత దిగడం మొదలవుతుంది. కణాలు ఊపిరి తీస్తున్నాయని కంటికి కనబడుతుంది. కొంచెం అజైడ్ అనే విషం వేస్తే ఆ గీతే అడ్డంగా పడుకుంటుంది. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను వాడే ఎంజైమ్, నాలుగో కాంప్లెక్స్, మూతపడిందన్నమాట. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

నా పని మైటోకాండ్రియా చెడిన ఈస్ట్ మీద. ఇథిడియం బ్రోమైడ్ అనే రసాయనంలో పెంచితే మైటోకాండ్రియా డీఎన్ఏ పోగొట్టుకున్న కణాలు దొరుకుతాయి. గ్లూకోజ్ ఉన్న పళ్లెంలో చిన్న చుక్కల్లా పెరుగుతాయి, ఊపిరి తీయకుండా వాడుకోలేని గ్లిసరాల్ మీద అసలు లేవవు. 1949లో పారిస్‌లో బోరిస్ ఎఫ్రుస్సి బృందం రాసిన ‘పెటీట్’లు (ఫ్రెంచిలో ‘చిన్నవి’) ఇవే. చుట్టూ ఎంత ఆక్సిజన్ ఉన్నా వాటికి వాడుకునే దారి లేదు. గీత దాదాపు అడ్డంగానే సాగాలి.

రెండో వేసవిలో అది అట్లా సాగలేదు. మధ్యాహ్నం పెట్టిన ప్రతి పెటీట్ శాంపిలూ మెల్లగా కిందికి దిగుతోంది. చెడిపోయిన కణాలు ఎట్లో ఊపిరి తీసే దారి వెతుక్కున్నాయని మూడు వారాలు నమ్మినాను. నోట్‌బుక్‌లో తేదీలు వేసి మరీ రాసుకున్నాను. మా గైడ్ గ్రాఫ్ చూసి, “అజైడ్ వేసి చూడమ్మా” అన్నారు. వేసినాను. గీత ఆగలేదు. నా సంతోషం రెట్టింపయింది, అజైడ్‌కు లొంగని శ్వాస అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపినారు. “ఈ ఈస్ట్‌లో అజైడ్‌కు లొంగకుండా ఆక్సిజన్ వాడే ఎంజైమ్ లేదు గదా తల్లీ. ఉత్త నీళ్లు పెట్టి చూడు.” ఉత్త నీళ్లు కూడా ఊపిరి తీసినాయి!

ఆ సాయంత్రం చాంబర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూస్తే తెలిసింది. నీళ్లు కలియదిప్పే, చెనక్కాయ విత్తనమంత తెల్ల అయస్కాంతపు బిళ్ల, మొదట గిర్రున తిరుగుతున్నది, పది నిమిషాలకు నీరసంగా ఊగుతోంది. కింద మోటారు వేడెక్కి మందగిస్తోంది. ఎలక్ట్రోడ్ తానూ కాస్త ఆక్సిజన్ తింటుంది. కలియదిప్పడం తగ్గితే ఎలక్ట్రోడ్ మీది పొర దగ్గర ఆక్సిజన్ కరువై సిగ్నల్ పడిపోతుంది. నేను కణాల శ్వాస అనుకున్నది ఆ పడిపోవడాన్నే. మూడు వారాల పేజీల మీద అడ్డంగా గీత కొట్టినాను. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. మోటారు మార్చినాక పెటీట్ గీత పడుకుంది. అప్పటినుంచి రోజూ మొదట ఉత్త నీళ్లు పెట్టకుండా ఏ కణాన్నీ ముట్టుకోను.

టెంపరేచర్ బాగా నిలుస్తుందని జూనియర్లకు మొదట్లో చెప్పినాను. ఆ మాట చలికాలానికే సరిపోతుంది. మా నీళ్ల బాత్ వేడి చేయగలదే గాని చల్లబరచలేదు. మేలో గదే 38 డిగ్రీలుంటే, ఈస్ట్ కొలతకు పెట్టే 30కి ఎట్లా దించుతుంది? సముద్రమట్టం లెక్కలో లీటరు నీళ్లకు 30 డిగ్రీల దగ్గర దాదాపు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 38 దగ్గర సుమారు 6.6 మాత్రమే. 30 అనుకుని లెక్కగడితే అంతా తప్పే. అందుకే ఆ నెలల్లో పొద్దున ఆరుకే వస్తాను, బాత్‌లో ఐస్ గడ్డలు వేసుకుంటాను.

మా పెద్దమ్మ కూతురి కొడుక్కి మైటోకాండ్రియా జబ్బు. “వేలికి పెట్టే మిషన్ 98 చూపిస్తాంది గదా, మరి నాలుగు మెట్లెక్కేలోపల బిడ్డ ఎందుకిట్ల వాడిపోతాడు?” అని అక్క అడిగింది. మామూలు ఈస్ట్, పెటీట్ గీతలు పక్కపక్కన పెట్టి చూపించినాను. రెంటికీ మొదలు ఒకే ఎత్తులో ఉంది, అంటే ఆక్సిజన్ రెంటికీ సమానంగానే అందింది. “నెత్తురు మోసుకొస్తాంది అక్కా, లోపల కణం అందుకోలేకుండా ఉంది. వాడిది ఇంత చదును కాదు, కొంత వాడుకుంటుంది” అన్నాను. చాలాసేపు ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది.

వాడి కణాలను మాత్రం దీంట్లో కొలవమని ఎవరికీ చెప్పను. ఒక్కో కొలతకు లక్షల్లో కణాలు కావాలి, చర్మం ముక్కనుంచి అన్ని పెంచడానికి వారాలు పడుతుంది. అట్లాంటి పనికి పళ్లెంలో ఒకేసారి 96 గుంతలు కొలిచే యంత్రాలున్నాయి, వాటి పళ్లేల ఖర్చు మా ల్యాబు మోయలేదు. ఈస్ట్‌తో పని, చేతిలో కాస్త ఓపిక, పక్కన ఐస్ దొరికే అంగడి ఉంటే మటుకు దీన్ని కొనుక్కోవచ్చు. మోటారు ఇంకొకటి కలిపి తెప్పించుకోండి.