జెనెటెకా: పోలిష్ పూర్వీకుల వేటలో చాలాకాలం వాడాక

జెనెటెకా పాత జనన, పెళ్లి, మరణ రికార్డుల పేర్లు వెతికే వెబ్‌సైట్, ఉచితం. పోలిష్ వంశవృక్ష సంఘం నడుపుతోంది. పాత చర్చి పుస్తకాల్లోని పేర్లను స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఒక్కొక్కటే ఎక్కించారు. అమెరికాకు వలస వెళ్లిన పోలిష్ కుటుంబాల మూలాలు వెతకడానికి నేను ఎక్కువగా తెరిచేది దీన్నే. కానీ ఊరి పేరు తెలియకుండా దీని జోలికి వెళ్లొద్దు. ఊరు లేకుండా 'కొవాల్స్కి' అని వెతకడం విజయవాడ బస్టాండులో నిలబడి "శ్రీనివాసరావుగారూ!" అని కేకేసినట్టే.

ఊరు దొరికేది అమెరికా కాగితాల్లో. జనాభా లెక్కల్లో 'రష్యా', 'ఆస్ట్రియా', 'జర్మనీ' అని ఉంటే కంగారు పడక్కర్లేదు. 1795 నుంచి 1918 దాకా పోలండ్ అనే దేశం పటంలో లేదు, ఈ మూడు రాజ్యాలే పంచుకున్నాయి. 1906 సెప్టెంబరు తర్వాతి పౌరసత్వ దరఖాస్తులో పుట్టిన ఊరు, వచ్చిన ఓడ ఉంటాయి. 1907 నుంచి ఓడ ప్రయాణికుల జాబితాలో స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, ఊరు రాయించుకున్నారు. ఆ జాబితా తయారయ్యేది ఓడ బయల్దేరే రేవులోనే. ఎల్లిస్ ఐలాండ్ (వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు కేంద్రం) గుమస్తాలు ఇంటిపేర్లు మార్చేశారన్న కథ అందుకే నిలబడదు, పేర్లు మారింది ఎక్కువగా తర్వాత, అమెరికాలోనే. ఊరు దొరికినా అది ఏ విచారణ (ఒక చర్చి పరిధి, పారిష్) కిందికి వచ్చేదో పాత గెజెటీర్‌లో (ఊళ్ల పేర్ల నిఘంటువులో) చూసుకోవాలి. పుస్తకాలు చర్చి ఉన్న ఊరి పేరు మీదే ఉంటాయి. పైగా దోంబ్రోవా, నోవా వియెష్ లాంటి పేర్లున్న ఊళ్లు లెక్కలేనన్ని.

ఇక వెతకడం. ముందు నేటి రాష్ట్రం (వొయెవుద్జ్త్వో) ఎంచుకోవాలి, తర్వాత విచారణ. బాగా పనికొచ్చే పద్ధతి జంటగా వెతకడం: ఒక గడిలో తండ్రి ఇంటిపేరు, రెండో గడిలో తల్లి పుట్టింటి పేరు ఇస్తే ఆ దంపతుల పిల్లలంతా వరసగా వస్తారు. ఎక్కడా తగలకపోతే చుట్టుపక్కల 15 కిలోమీటర్ల లోపు విచారణలను కూడా కలిపి చూడాలి. 'ఖచ్చితంగా ఇదే పేరు' అన్న గడిని మొదట్లో టిక్ చేయకండి, గుమస్తాలు ఒకే పేరును మూడు రకాలుగా రాశారు. అమెరికాలో వాడిన పేరు పెట్టినా లాభం లేదు. అక్కడి ఆల్బర్ట్ ఇక్కడ వొయ్చెహ్, లాటిన్ పుస్తకంలో అడాల్బెర్టుస్. ఆడవాళ్ల ఇంటిపేరు చివర 'స్కి' పోయి 'స్కా' వస్తుంది.

వచ్చిన వరసలో సంవత్సరం, రికార్డు నంబరు, పేర్లు, విచారణ ఉంటాయి. దాంతో ఆగిపోవడమే చాలామంది చేసే పొరపాటు. ఇది సూచిక మాత్రమే. స్కాన్ లింకు ఉంటే తెరిచి, అంచున ఆ నంబరు వెతికి, మొత్తం చదవాలి. సూచికలోని సంవత్సరం నమోదైనది, బిడ్డ పుట్టినది కాకపోవచ్చు. ఏళ్లు గడిచాక నమోదు చేయించినవీ కనబడతాయి.

రష్యన్ భాగంలో 1868 నుంచి రాత రష్యన్‌లోకి మారింది, చూడగానే గుండె జారుతుంది. కానీ నమూనా మాత్రం నెపోలియన్ కాలం నాటిదే, ఎప్పుడూ ఒకే వరస: ఊరు, తేదీ, గంట, వచ్చిన తండ్రి, వయసు, వృత్తి, ఇద్దరు సాక్షులు, బిడ్డ పుట్టిన వేళ, తల్లి పుట్టింటి పేరు, పెట్టిన పేరు, జ్ఞాన తల్లిదండ్రులు (గాడ్ పేరెంట్స్), చివర్లో చదువు రానివాళ్లు కాబట్టి చర్చి ఫాదర్ ఒక్కరే సంతకం చేశారని. నలభై యాభై మాటలు పట్టుబడితే చాలు. చాలాచోట్ల ఇంటిపేరు పక్కనే బ్రాకెట్లో పోలిష్ లిపిలోనూ ఉంటుంది. తేదీలు రెండు: మొదటిది రష్యా వాడిన పాత జూలియన్ క్యాలెండరుది, రెండోది మనం ఇప్పుడు వాడే గ్రెగోరియన్‌ది, 19వ శతాబ్దంలో తేడా 12 రోజులు. వంశవృక్షంలో రెండోది వేసుకోండి.

లోపాలున్నాయి. మధ్య పోలండ్‌కి బలంగా ఉన్నంతగా గలీషియాకి (ఆస్ట్రియా భాగానికి) లేదు. అక్కడి పుస్తకాలు లాటిన్ పట్టికలు, చాలా వరకు ఇంకా చర్చిల దగ్గరే ఉన్నాయి. కాకపోతే ఆ పట్టికల్లో ఇంటి నంబరు ఉంటుంది, ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేయడానికి అదే దిక్కు. జర్మనీ భాగంలోని పోజ్నాన్ వైపు వాళ్లయితే 1800 నుంచి 1899 దాకా పెళ్లిళ్లున్న పోజ్నాన్ ప్రాజెక్టుతో మొదలుపెట్టడం మేలు. మధ్యలో ఖాళీ సంవత్సరాలు ఉంటే పుస్తకం పోయిందని కాదు, ఇంకా ఎవరూ ఎక్కించలేదని కూడా కావచ్చు. జాతీయ ఆర్కైవ్స్ వారి షుకయ్ వ్ అర్హివాహ్ వెబ్‌సైట్‌లో స్కాన్ ఉందేమో విడిగా చూడాలి. జననాలు 100 ఏళ్లు, పెళ్లిళ్లు, మరణాలు 80 ఏళ్లు దాటితేనే ఆర్కైవ్‌కి చేరతాయి. అంతకంటే కొత్తవి స్థానిక రిజిస్ట్రారు దగ్గరే.

మొత్తం మీద ఐదుకి నాలుగు. ఒక మార్కు తగ్గించింది సూచికలోని తప్పులకు: అడ్డగీత ఉన్న పోలిష్ 'ఎల్'ని 'టి'గా చదివి ఎక్కించిన పేర్లు ఎన్నో. జననం ఎంతకీ దొరకకపోతే పెళ్లి రికార్డు పట్టుకోండి. అందులో వధూవరులు పుట్టిన చోటు, తల్లిదండ్రులు ఉంటారు. దానికి జోడించిన అలెగాతా కాగితాలు బతికి ఉంటే, వేరే విచారణ నుంచి తెచ్చిన జ్ఞానస్నాన పత్రం నకలు వాటిలో కుట్టేసి ఉంటుంది.