పాత లెన్సుల సంచీనా, కొత్త మిర్రర్‌లెస్ సెట్టా: ఏది మేలు?

మామయ్య స్టూడియో ఎత్తేసినప్పుడు ఒక సంచీ నా చేతిలో పెట్టాడు. ఫిల్మ్ రోజుల నాటి నికాన్ సామాను: 50 ఎంఎం 1.8డి, 85 ఎంఎం 1.8డి లెన్సులు, ఎస్‌బీ-28 ఫ్లాష్, నాలుగైదు ఫిల్టర్లు, మోయలేనంత బరువున్న ట్రైపాడ్. "లెన్సులు ఉన్నాయిగా బావా, కెమెరా బాడీ ఒక్కటి కొంటే సరిపోదా?" అన్నాడు మా బావమరిది. వాడికి కెమెరా కావాలి, ఖర్చు మాత్రం తక్కువలో తేలాలి.

ముందు లెన్స్ వెనక్కి తిప్పి చూడమన్నాను. మౌంట్ రింగు (కెమెరాకి బిగించే చోటు) మీద స్క్రూ తలలాంటి చిన్న గాడి కనిపిస్తే, ఆ లెన్సులో మోటార్ లేదన్నమాట. బాడీలో ఉన్న మోటారే ఆ స్క్రూని తిప్పి ఫోకస్ చేయాలి. నికాన్ డీ3000, డీ5000 వరస చిన్న బాడీల్లో ఆ మోటార్ ఉండదు. ఈ సంగతి తెలియక నేను మొదట అలాంటిదే తెచ్చుకున్నాను. ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సి వచ్చి, మేనకోడలి అన్నప్రాసనలో పాప ముఖం కంటే వెనక గోడ మీది క్యాలెండరే స్పష్టంగా వచ్చింది!

మరి మిర్రర్‌లెస్‌కి, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకి, ఎడాప్టర్ (పాత లెన్సుని కొత్త బాడీకి కలిపే రింగు) పెట్టుకోవచ్చుగా అంటారు. 1959 నాటి ఎఫ్ మౌంట్ (ఈ పాత లెన్సుల బిగింపు) లెన్సులు 2018లో వచ్చిన జెడ్ మౌంట్‌కి (నికాన్ మిర్రర్‌లెస్ బిగింపు) ఎఫ్‌టీజెడ్ ఎడాప్టర్‌తో బిగుస్తాయి. ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), ఎక్స్‌పోజర్ (ఫొటోకి వెలుగు మోతాదు) బాగానే పనిచేస్తాయి. ఫోకస్ మాత్రం చేత్తోనే, ఎందుకంటే ఎడాప్టర్‌లోనూ మోటార్ లేదు. పదునుగా ఉన్న అంచులకు కెమెరా స్క్రీన్ మీద రంగు వేసి చూపిస్తుంది కాబట్టి పూలకు, కూర్చున్న మనుషులకు ఇబ్బంది లేదు. పరుగెత్తే పిల్లల దగ్గర చేతులెత్తేయడమే. నా లెక్కలో అన్నిటికంటే నష్టం దారి ఇదే: కొత్త బాడీ డబ్బులూ పోతాయి, పాత లెన్సుల సుఖమూ దక్కదు.

అందుకే ఫొటోలే ముఖ్యమైతే సెకండ్‌హ్యాండ్ డీ7200 (అద్దం ఉన్న నికాన్ డిజిటల్ కెమెరా) నాకు ఇష్టం. 2015 నాటిదైనా 24 మెగాపిక్సెల్స్, లోపల మోటారూ ఉంది. సెన్సర్ (బొమ్మ పడే చిప్) ఫిల్మ్ కంటే చిన్నది కాబట్టి 85 ఎంఎం దాదాపు 128 ఎంఎంలా పనిచేస్తుంది. పెళ్ళిలో దూరంగా నిలబడి ముఖాలు తీయడానికి అంతకంటే ఏం కావాలి? కొనే ముందు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. దానికి చెప్పిన ఆయుష్షు 1,50,000 క్లిక్కులు. లెన్సులోకి టార్చి వేసి చూడండి, సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్న లెన్సుని ఇలా చూడకుండా నమ్మకండి.

ఫ్లాష్ ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. ఎస్‌బీ-28లోని టీటీఎల్ (లెన్సులోంచి వచ్చే వెలుగు కొలిచి ఫ్లాష్‌ని సర్దే పద్ధతి) ఫిల్మ్ కెమెరాల కోసం చేసింది, డిజిటల్ మీద ఎ (ఫ్లాష్ తన సెన్సర్‌తోనే సర్దుకునే మోడ్) లేదా మాన్యువల్‌లోనే వాడాలి. పాత ఫ్లాష్‌లలో కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజ్ (ఫ్లాష్ వెలిగించే తీగల మీది కరెంటు వోల్టేజ్) 200 దాటుతుంది, ఏది పడితే అది హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ బిగించే చోటు) మీద పెడితే బాడీ పోవచ్చు.

వీడియోకి వస్తే నా మాట మారుతుంది. డీ7200 మీద ఆ స్క్రూ మోటార్ గర్రుమంటూ తిరుగుతుంది, ఆ చప్పుడంతా మైకులో పడుతుంది. రీల్స్, వంటల వీడియోలు చేసేవాళ్ళు ఆ సంచీ ఊసెత్తకుండా నికాన్ మిర్రర్‌లెస్ జెడ్30ని దాని 16-50 లెన్సుతో కలిపి కొనుక్కోవడమే మంచిది. కళ్ళను పట్టుకుని ఫోకస్ చేస్తుంది, స్క్రీన్ మన వైపు తిరుగుతుంది. వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) లేకపోవడం ఎండలో చిరాకే, వంటింట్లో ఆ బాధ లేదు. ఆ లెన్స్ ఫిల్టర్ సైజు 46 ఎంఎం. 50 ఎంఎం లెన్సుకున్న 52 ఫిల్టర్లు దానికి పెట్టాలంటే చవకైన స్టెప్ అప్ రింగు (చిన్న లెన్సుకి పెద్ద ఫిల్టర్ బిగించేది) ఒకటి చాలు.

మా బావమరిది చెల్లెలి వంటల చానల్ కోసం జెడ్30 తీసుకున్నాడు. సంచీలోంచి వాడు పట్టుకెళ్ళింది ట్రైపాడ్ ఒక్కటే. దాని పావు అంగుళం స్క్రూ దాదాపు ఏ కెమెరాకైనా పడుతుంది.