తొడగని పాత జతా, కొద్దిగా వాడిన కొత్త జతా: ఏది మేలు?

రీసేల్ షాపు అరలో ఒకే మోడల్ స్నీకర్లు రెండు జతలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఒకటి 2005లో తయారైంది. ఎవరూ కాలు పెట్టలేదు, 'డెడ్‌స్టాక్' అని చీటీ అంటించారు. రెండోది మూడేళ్ల కిందట మళ్లీ విడుదలైన రెట్రో. కొద్దిగా వాడారు, ఎంత బాగుందో చెప్పే మార్కులుగా చీటీ మీద '9/10' అని ఉంది. చాలామంది చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది. అరలో పెట్టి చూసుకోవడానికైతే సరే. వేసుకుని తిరగడానికైతే రెండోదే మేలు. డెడ్‌స్టాక్ అంటే తొడగలేదని మాత్రమే అర్థం, గట్టిగా ఉందని కాదు.

తేడా అంతా మిడ్‌సోల్‌లో, అంటే నేలను తాకే అడుగుకూ షూ పైభాగానికీ మధ్య ఉండే మెత్తని పొరలో ఉంది. 1988లో వచ్చిన నైకీ ఎయిర్ జోర్డాన్ 3, 1989లో వచ్చిన జోర్డాన్ 4 లాంటి మోడళ్లలో మడమ కింద ఉండేది పాలీయురేథేన్ నురగ. గాలిలోని తేమ ఆ నురగలోని ఎస్టర్ బంధాలను నెమ్మదిగా తెంపుతూ పోతుంది. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. షూ బాక్సులో ఉన్నా, కాలికి ఉన్నా ఇది ఆగదు. తయారై పది పదిహేనేళ్లు దాటిన పాలీయురేథేన్ సోల్‌ను నమ్ముకుని నడవలేం. వేడి, తేమ ఎక్కువున్న గదిలో పడి ఉంటే ఇంకా ముందే పోతుంది. గాలి ఆడకుండా ప్లాస్టిక్ కవరులో బిగించి పెట్టినా తేమ లోపలే చిక్కుకుంటుంది. పైకి చూస్తే జత మెరిసిపోతూ ఉంటుంది. మొదటిసారి వేసుకుని నాలుగు అడుగులు వేయగానే మడమ దగ్గర ముక్కలు ముక్కలుగా రాలుతుంది. ఇది జిగురు ఊడటం కాదు. నురగే చచ్చిపోయింది కాబట్టి ఎంత అంటించినా నిలవదు.

అన్ని స్నీకర్ల కథా ఇదే కాదు. ఎయిర్ ఫోర్స్ 1 (1982), జోర్డాన్ 1, డంక్ (రెండూ 1985) లాంటివాటికి చుట్టూ కుట్టిన రబ్బరు కప్పు సోల్ ఉంటుంది. వయసు మీద పడినా ఇవి చాలావరకు నిలబడతాయి. వీటిలో ముందు బలహీనపడేది జిగురు, తర్వాత మడమ లోపలి మెత్త. చాలా స్నీకర్లలో వాడే మరో రకం, ఈవీఏ నురగ, తేమకు ఇలా పొడి కాదు, కానీ నలిగి గట్టిపడుతుంది. అడిడాస్ 2013లో తెచ్చిన బూస్ట్ అనే మిడ్‌సోల్ టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ గుళికలతో చేసింది. దాని బెడద పగలడం కన్నా పసుపు పచ్చబడటం. అందుకే 'డెడ్‌స్టాకా, వాడిందా' అని అడిగే ముందు 'సోల్ దేనితో చేశారు, ఎప్పుడు తయారైంది' అని అడగాలి. ఒకే షూలో ముందు ఒక నురగ, వెనక ఇంకోటి వాడిన మోడళ్లూ ఉన్నాయి. వాటికి వెనక భాగం వయసునే లెక్కలోకి తీసుకోవాలి.

వయసు ఎలా తెలుస్తుంది? లోపలి సైజు ట్యాగు చూడాలి. ఈ కాలపు నైకీ ట్యాగుల మీద తయారీ మొదలు, ముగింపు తేదీలు అచ్చయి ఉంటాయి. పక్కనే స్టైల్ కోడ్ ఉంటుంది. పాతవాటిలో 555088-101 తరహాలో ఆరు అంకెలు, గీత, మూడు అంకెలు. ఈమధ్యవాటిలో మొదట రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. ట్యాగు మీది కోడ్ బాక్సు చీటీ మీది కోడ్‌తో కలవకపోతే బాక్సు మారిందనుకోవాలి, లేదా జతే అనుమానమనుకోవాలి. షాపువాడు విడుదల సంవత్సరం చెబితే విని ఊరుకోకండి. మోడల్ ఎప్పుడు పుట్టిందన్నది వేరు, ఈ జత ఏ ఏడు తయారైందన్నది వేరు.

చేతికి అందిన పాత జతను ఇలా చూడండి. మడమ పక్కన మిడ్‌సోల్‌ను బొటనవేలితో నొక్కితే నురగ వెంటనే పైకి రావాలి. పల్లం అలాగే ఉండిపోయినా, వేలికి జిగటగా తగిలినా, పొడి అంటినా ఆ జతను వదిలేయండి. మిడ్‌సోల్‌కు రంగు వేసిన మోడళ్లలో నురగ పగుళ్లు రంగు కింద దాక్కుంటాయి. నొక్కినప్పుడు వెంట్రుకంత సన్నని గీతలు కనిపిస్తే లోపల పని మొదలైనట్టే. ముందు భాగాన్ని వంచి చూడాలనిపిస్తే షాపువాడిని అడిగి వంచండి. ఇరవై ఏళ్ల సోల్ మీ చేతిలోనే చిట్లితే డబ్బు మీరే కట్టాల్సి రావచ్చు. సోల్ బాగున్నంత మాత్రాన ఊపిరి పీల్చుకోవడానికి లేదు. చీలమండ చుట్టూ ఉన్న మెత్తలోని నురగ కూడా పొడి అవుతుంది. లేసుల కింది నాలుకను, చీలమండ చుట్టూ ఉండే కాలర్‌ను నలిపినప్పుడు లోపల ఇసుకలా కరకరలాడితే అదే.

జోర్డాన్ 11 లాంటి మోడళ్ల పారదర్శక అడుగు భాగం తొడగకపోయినా పసుపు పచ్చబడుతుంది. అది నేరం కాదు, వయసు. పదిహేనేళ్ల జత అడుగు మంచుగడ్డలా తెల్లగా కనిపిస్తేనే ప్రశ్నలు వేయాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్ పూసి అతినీలలోహిత దీపం కింద పెట్టి తెలుపు చేసి ఉండవచ్చు. ఆ పసుపు మళ్లీ వస్తుంది. అతిగా చేస్తే అడుగు పెళుసుబారుతుంది కూడా.

ఇక వాడిన జత. 9/10 అన్నది ఎవరి లెక్క వారిది, దానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక షాపులో 9 అంటే రెండుసార్లు వేసుకున్నది, ఇంకో షాపులో కడిగి తుడిచిన ఏడు. వీఎన్‌డీఎస్ (వెరీ నియర్ డెడ్‌స్టాక్) అని రాస్తే దాదాపు కొత్తదని అర్థం, కానీ ఆ 'దాదాపు' చాలా సాగుతుంది. మార్కులు పక్కన పెట్టి అరుగుదల చూడండి. ఎయిర్ ఫోర్స్ 1 అడుగున ముందు కొన దగ్గర చిన్న చిన్న నక్షత్రాలుంటాయి. వాటి అంచులు పదునుగా ఉంటే నడక తక్కువ, నునుపుగా మారితే మార్కులు ఎన్ని వేసినా నమ్మనక్కర్లేదు. మడమ బయటి అంచు ఏటవాలుగా అరిగిందా చూడండి. ఇన్‌సోల్ (షూ లోపల పాదం ఆనే పలుచని మెత్త) తీసి దాని కింద చూడండి. పైన లోగో చెరగకుండా ఉండి, కింద చెమట మరకలు ఉంటే ఇన్‌సోల్ మార్చేశారు. మడమ లోపలి లైనింగ్ చిరిగితే వేసుకున్న ప్రతిసారీ పెద్దదవుతుంది. బొటనవేలి మీది మడతలు అందానికే లోటు. తోలు పొర పగిలితే మాత్రం లోటు షూకే.

దాచిన మరమ్మతు వాడిన జతలకు పట్టిన పెద్ద జబ్బు. రంగు మళ్లీ వేశారా, సోల్ మార్చారా, జిగురు పట్టించారా అని రాతపూర్వకంగా అడగండి. సోల్, పైభాగం కలిసే గీత వెంట చిన్న అతినీలలోహిత టార్చి వేస్తే చాలా రకాల కొత్త జిగురు, రంగు పాతవాటికి భిన్నంగా మెరుస్తాయి. కుట్టు దారం రంధ్రాల్లోకి రంగు దిగినా మళ్లీ రంగు వేసినట్టే. సోల్ మార్చడం స్వతహాగా తప్పేమీ కాదు. పాత పాలీయురేథేన్ అసలు జతను వేసుకోవాలంటే అదొక్కటే దారి. కొత్త రెట్రో జత కొని దాని సోల్ తీసి పాతదానికి అమర్చాలి. అంటే రెండు జతల ఖర్చు, పైన పనివాడి కూలి. ఆ తర్వాత దాన్ని పూర్తిగా అసలుదని అమ్మలేరు.

షాపులో చూసి కొనడమా, ఆన్‌లైన్‌లోనా అంటే పాలీయురేథేన్ జతకు షాపే మేలు, ఎందుకంటే నొక్కి చూడొచ్చు. స్టాక్‌ఎక్స్, గోట్ లాంటి ఆన్‌లైన్ రీసేల్ వేదికల్లో మొదటిదానిలో ప్రధానంగా తొడగని జతలుంటాయి, రెండోదానిలో వాడినవి కూడా దొరుకుతాయి. ఎక్కడైనా సరే, అసలా నకిలీయా తేల్చడం ఒక పని, సోల్ ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పడం మరో పని. మొదటిది చేశారని రెండోదీ చేసినట్టు అనుకోకండి. మనిషి నుంచి నేరుగా కొంటే రెండు షూల పక్కలు, మడమలు, అడుగులు, ట్యాగులు, ఇన్‌సోల్ కింది భాగం ఫొటోలు అడగండి. మిడ్‌సోల్‌ను వేలితో నొక్కుతూ తీసిన వీడియో కూడా పంపమనండి. ఇవ్వనంటే అదే జవాబు.

బాక్సు, అదనపు లేసులు, వేలాడే ట్యాగు సేకరించేవారికి ముఖ్యం. వేసుకునేవారు వాటికి అదనంగా పెట్టే డబ్బు వృథా. బీ-గ్రేడ్ ముద్ర ఉన్న జతలు ఫ్యాక్టరీ లోపంతో అవుట్‌లెట్‌కు వెళ్లినవి. లోపం కుట్టులోనో రంగులోనో అయితే వేసుకోవడానికి అవే అన్నిటికన్నా మంచి బేరం.

కాబట్టి పదేళ్లు దాటిన పాలీయురేథేన్ డెడ్‌స్టాక్‌ను ప్రదర్శనకే కొనండి. అదే వయసు రబ్బరు కప్పు సోల్ జతను కొంచెం ధైర్యం చేసి వేసుకోవచ్చు. వారానికి రెండుసార్లు వేసుకునే జత కావాలంటే ఐదేళ్లలోపు తయారైనది, కొద్దిగా వాడినది, మరమ్మతు జరగనిది చూసుకోండి. వాపసు షరతులు డబ్బు కట్టకముందే చదవండి. చాలా రీసేల్ షాపుల్లో అమ్మినది వెనక్కి తీసుకోరు. తీసుకునే చోట కూడా, అసలుదని తేల్చాక జతకు కట్టే ధ్రువీకరణ ట్యాగు కత్తిరిస్తే ఆ హక్కు పోతుంది. పార్సిల్ వస్తే ఎక్కడా ఆపకుండా వీడియో తీస్తూ విప్పండి, ముందు సోల్ నొక్కి చూడండి, ఆ తర్వాతే ట్యాగు జోలికి వెళ్లండి.