ఏసీ చేంజోవర్ ప్యానెల్ తీసుకునేవాళ్లు ముందు మూత విప్పించి చూడండి

రెండు రాత్రులైంది నిద్రపోయి. కోపం మీద రాస్తున్నా, రాతలో తప్పులుంటే పట్టించుకోకండి. మన దిక్కు నెట్ ఆపరేటర్లకు, కాలేజీలకు, రెండు ఏసీలను వంతులవారీగా నడిపే ఈ చేంజోవర్ ప్యానెల్‌లు బిగించే మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయడం లేదు. ఆయన్ని నమ్మి నేను నష్టపోయాను, ఇంకొకరు పోవద్దని రాస్తున్నా.

మాది నల్లగొండలో చిన్న ఇంటర్నెట్ కంట్రోల్ రూం. ఒక సర్వర్, ఓఎల్‌టీ (కస్టమర్ల ఫైబర్ లైన్లన్నీ వచ్చి కలిసే పెట్టె), నెట్‌వర్క్ స్విచ్‌లు, యూపీఎస్ బ్యాటరీలు, ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలు రెండు. ఒక్కదాన్నే రాత్రింబవళ్లు నడిపితే అది తొందరగా అరిగిపోతుంది. ఊరికే ఉంచిన రెండోది పనిచేస్తుందో లేదో అవసరం పడ్డరోజు గానీ తెలియదు. అందుకే ఆరు గంటలకొకటి చొప్పున వంతులవారీగా నడిచేలా ప్యానెల్ పెట్టించాం. 14,500 రూపాయలు. బిల్లు అడిగితే తర్వాత పంపిస్తా అని తెల్లకాగితం మీద రాసిచ్చి పోయాడు.

బిగించిన రోజు నేను అడిగింది ఒక్కటే మాట. "వంతు వచ్చిన ఏసీ చల్లగ చేయకపోతే ఎట్ల?" బాక్సు కింద నుంచి ఒక సన్న వైరు వేలాడుతోంది, దాని కొసకు మిరియపు గింజంత నల్ల పూస. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూపించాడు. "అన్నా, సెన్సర్ ఇదే. గది వేడెక్కితే ఇది పసిగట్టి ఆ రెండో ఏసీని కూడా లేపుతది. మీరు టెన్షన్ లేకుండ పండుకోండి." ఆ పూసను సర్వర్ ర్యాక్ పక్కన గోడకు క్లిప్పు కొట్టి మరీ పోయాడు. పదకొండు రోజులు వంతులు సరిగ్గానే మారాయి.

పన్నెండో రోజు అర్ధరాత్రి రెండో ఏసీ వంతు. బయటి యూనిట్‌లో కెపాసిటర్ (కంప్రెసర్‌ను లేపే భాగం) పోయింది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, గాలి వస్తోంది, కంప్రెసర్ మాత్రం లేవలేదు. ప్యానెల్‌లోని టైమర్‌కు తెలిసింది గడియారం ఒక్కటే. టైం కాగానే కరెంటు పంపింది, పచ్చ లైటు వెలిగింది. అసలే రోహిణి కార్తె, రాత్రి పూట కూడా గోడలు సెగలు కక్కుతున్నాయి. రెండున్నరకు కస్టమర్ల ఫోన్లు మొదలైతే ఉరికాను. తలుపు తీయగానే పొయ్యి మూత తీసినట్టు మొహానికి కొట్టింది. గోడ మీది థర్మామీటర్‌లో 46. సర్వర్ గది 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మొదటి ఏసీ నిక్షేపంగా ఉంది, దాన్ని లేపేవాళ్లే లేరు.

సర్వర్‌లో ఉన్న రెండు హార్డ్‌డిస్క్‌లలో ఒకే డేటా ఉంటుంది, ఒకటి పోయినా రెండోది కాపాడాలి. ఒకటి ఆ రాత్రే పోయింది. కొత్త డిస్క్ పెట్టి డేటా ఎక్కిస్తుంటే రెండోది కూడా మధ్యలో ఆగిపోయింది. బ్యాకప్ చూస్తే 19 రోజుల కిందటిది. ఆ తప్పు పూర్తిగా నాదే, ఎవరి మీదా నెట్టను. ఈ 19 రోజుల్లో చేతికి డబ్బులిచ్చినవాళ్ల లెక్కంతా పోయింది. ప్రతినెలా ఒకటో తారీఖునే కట్టే ఒక రిటైర్డ్ టీచర్ ఇంటికి పోయి "సార్, మీరు ఈ నెల కట్టారా?" అని అడగాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు గానీ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తెల్లారి మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చి మెయిన్ ఆపి ప్యానెల్ మూత విప్పాడు. ఒక టైమర్, ఏసీలకు కరెంటు కలిపి తెంపే రెండు కాంటాక్టర్లు, వైర్లు. అంతే. పూస నుంచి వచ్చిన ఆ సన్న వైరును వేలితో పట్టుకుని లోపలి దాకా వెంట పోయాడు. అది టెర్మినళ్ల వెనక్కి పోయి ఆగింది. రెండు పోగులకూ నల్ల టేపు చుట్టి, చక్కగా మడిచి, ఆ సందులోకి తోసి ఉంది. దేనికీ కలపలేదు. తమ్ముడు నా మొహం చూశాడు, నేను ఆ టేపు చూస్తూ ఉండిపోయాను. మర్చిపోయి వదిలేసింది కాదది. మర్చిపోయినవాడు టేపు చుట్టడు.

ఫోన్ చేశాను. "సెన్సర్ కావాలంటే వేరే మోడల్ అన్నా, ఇంకో నాలుగు వేలు అయితది."

"మరి నువ్వు గోడకు కొట్టిపోయిన గింజ ఏంది?"

"అది బాక్సుతోనే వస్తది."

"ఇదే సెన్సర్ అని నా చేతికి చూపించినవ్ కదా?"

"మీ ఏసీ మీరు సర్వీసు చేయించుకోకపోతే నన్నంటే ఎట్ల? ప్యానెల్ కరెంటు పంపిందా లేదా?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్. పోయిన డబ్బుల కన్నా ఆ చివరి మాటే ఎక్కువ మండుతోంది.

వ్యాపారానికి కొన్న వస్తువుకు వినియోగదారుల చట్టం వర్తించదని కొందరు చెప్పి భయపెట్టారు. బతుకుదెరువు కోసం స్వయం ఉపాధికి కొనుక్కున్నదైతే వర్తిస్తుంది. మాది ఇంట్లోవాళ్లమే చేసుకునే పని. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ పోతాను. బిల్లు లేకపోవడమే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది. మీరు మాత్రం బిల్లు చేతిలో పడనిదే డబ్బులివ్వకండి.

ఇక కొనేవాళ్లకు. బిగించినాయన ఉండగానే టీ గ్లాసులో వేడినీళ్లు పోసి ఆ సెన్సర్ కొసను అందులో ముంచండి. రెండో ఏసీ లేవాలి, బజర్ మోగాలి. తర్వాత నడుస్తున్న ఏసీ బయటి యూనిట్‌ను మాత్రమే ఆపించి, లోపలి ఫ్యాన్ తిరుగుతుండగా గది వేడెక్కనిచ్చి చూడండి. ఒక అరగంట ఓపిక పట్టాలి, నేను పట్టలేదు. ఇంకొకటి, కరెంటు వచ్చాక తనంతట తానే లేచే ఆటో రీస్టార్ట్ రెండు ఏసీల్లోనూ ఉందో లేదో చూసుకోండి. అది లేని ఏసీకి ఇలాంటి ప్యానెల్ కరెంటు పంపినా రిమోట్ నొక్కేదాకా లేవదు.

ఆయన దగ్గర ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఉంటే, ఈ రోజే మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో మూత విప్పించి, ఆ సన్న వైరు ఎక్కడిదాకా పోయిందో చూడండి. టేపు కనిపిస్తే ఫోటో తీసి నాకు పంపండి, ఫిర్యాదుతో పాటు పెడతాను.