తుఫాను రెండు రోజుల్లో ఉందంటే పండక్కి ఏది వండటం మేలు: అరిసెలా, జంతికలా, సున్నుండలా?

డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట టీవీలో వినపడగానే మా కోనసీమ ఇళ్ళల్లో రెండు టెన్షన్లు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి చేలో కోసి పడున్న వరి పనలు, రెండోది క్రిస్మస్ పిండివంటలు. రెంటికీ మనుషులు కావాలి, ఉన్నదేమో అవే నాలుగు జతల చేతులు. అందుకే ఏది ముందు వండాలి, ఏది తర్వాతకి వదిలేయాలి అన్నది మా ఇంట్లో ప్రతి ఏడూ వాదనే. నా మాట మాత్రం ఒకటే: హెచ్చరిక వచ్చాక అరిసెలు మొదలుపెట్టొద్దు.

ఇది దెబ్బ తిని నేర్చుకున్నదే. 2018లో పెథాయ్ తుఫాను డిసెంబరు 17న, సోమవారం, మా పక్కనే కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ముందు శనివారం రాత్రి అమ్మ, వదిన, నేను కూర్చుని ఎలాగైనా ముందే అరిసెలు అయిపోవాలని నాలుగు కిలోల బియ్యం నానబోశాం. అరిసెల సంగతి తెలిసిందే కదా, బియ్యం రాత్రంతా నానాలి, వడకట్టి గుడ్డ మీద కాసేపు ఆరబెట్టాలి, తడి పూర్తిగా పోకముందే మర పట్టించాలి, ఆ పిండి ఆరిపోకుండా గిన్నెలో నొక్కిపెట్టి వెంటనే పాకంలో పోయాలి. మధ్యలో ఎక్కడా ఆగడానికి వీల్లేదు. ఆదివారం పొద్దున్నే బుట్ట పట్టుకుని వెళ్తే పిండిమర మూసి ఉంది, ఆయన పనలు కూడా చేలోనే ఉన్నాయి మరి, ఇంటిల్లిపాదీ అక్కడికే పోయారు. ఇంకో ఊరి మరకి వెళ్దామంటే మా అన్నయ్య బండి వేసుకుని బరకాల కోసం తిరుగుతున్నాడు. మధ్యాహ్నం నుంచి జల్లు, సాయంత్రానికి కరెంటు పోయింది, సోమవారానికి బియ్యం పులిసి వాసన వచ్చేసింది. అమ్మ ఏమీ అనలేదు గానీ ఆ బియ్యం గేదెకి పెడుతున్నప్పుడు ఆమె మొహం నాకింకా గుర్తే.

ఒక్క మినహాయింపు ఉంది. హెచ్చరిక వచ్చేసరికే పాకం పట్టి చలిమిడి చేసేసి ఉంటే భయం లేదు, పైన కాస్త నెయ్యి రాసి మూత పెడితే ఒక రోజు ఆగుతుంది, గ్యాసు ఉంటే చాలు, కరెంటుతో పనిలేదు. నానిన బియ్యం దశలో ఉన్నప్పుడే గండం.

జంతికలకి ఆ గొడవ తక్కువ. పొడి పిండి, ముందే పట్టించి పెట్టుకోవచ్చు, వాము, నువ్వులు వేసి కలుపుకుని గిద్దల్లో పెట్టి నొక్కితే ఇద్దరు మనుషులు ఒక పూటలో డబ్బా నింపేస్తారు. పిల్లలు కూడా పనికొస్తారు. అసలు కష్టం తర్వాతే వస్తుంది, మూడు రోజులు ముసురు పడితే ఆ చెమ్మకి జంతికలు మెత్తబడిపోతాయి. చల్లారిన వెంటనే స్టీలు డబ్బాలో పోసి, మూత మీద ఒక కవరు కూడా బిగించి కట్టాలి, ఎవరు అడిగినా వాన వెలిసేదాకా తీయకూడదు. మెత్తబడినా ఎండ వచ్చాక వేడి మూకుడులో ఒకసారి తిప్పితే చాలావరకు కరకర తిరిగొస్తుంది. అరిసెకి బూజు పడితే మాత్రం చేసేదేమీ లేదు.

నన్ను అడిగితే అన్నిటికన్నా ముందు సున్నుండలు. మినుములు దోరగా వేయించి పిండి చేసుకుంటే అసలు పని అయిపోయినట్టే, అది కూడా కరెంటు ఉన్న అరగంటలో ఇంట్లో మిక్సీలోనే అయిపోతుంది. బెల్లం కలిపి, నెయ్యి కాచి పోసి ఉండలు చుట్టడం టార్చిలైటు వెలుతురులో కూడా చేయొచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. మాది స్లాబు ఇల్లు. పెథాయ్ రోజు పక్కన తాటాకిళ్ళ వాళ్ళు, మా మేనత్త కుటుంబం అందరూ మా దగ్గరికే వచ్చారు, మాతో కలిపి పదకొండు మంది. గాలికి పొయ్యి వెలిగించే వీలు లేక మధ్యాహ్నం దాకా పిల్లల కడుపు నింపింది వదిన చేసిన ఆ డబ్బాడు సున్నుండలే. పండక్కి మిగలలేదు, ఆ మాట ఎవరికీ బాధ కూడా అనిపించలేదు.

కొనేస్తే పోలేదా అని హైదరాబాదులో ఉండే చెల్లి అంటుంది. తాపేశ్వరం కాజా అయితే నేను కూడా ఒప్పుకుంటాను, నాలుగు రోజులకి ఏమీ కాదు. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం ముసురులో వద్దు. కాగితంలాంటి పొర, గాలిలో తేమ తగిలితే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతుంది.

వంట ఏదైనా చేను తర్వాతే. కోసిన పనలు కుప్ప వేసి బరకం కప్పే పనికి మగవాళ్ళతో పాటు మేము కూడా వెళ్తాం, ఆ పూట పొయ్యి జోలికి పోం. అప్పటికే తడిసిపోతే లీటరు నీళ్ళకి 50 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి పనల మీద చల్లితే మొలక రాకుండా కొంత ఆపొచ్చు. గింజ మొలకెత్తితే కొత్త బట్టల డబ్బు పోయినట్టే, అరిసెలు ఉండి మాత్రం ఏం తింటాం?

అమ్మకి ఇవేవీ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు దీపావళికి ఇంకా నాలుగు రోజులే ఉంది. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలకి తోటలే పడిపోయాయి. ఆ రాత్రి గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు, ఒకటి మాత్రం ప్రతిసారీ చెప్తుంది: గాలి ఒక్కసారిగా ఆగితే తలుపు తీయకండి, అటువైపు నుంచి మళ్ళీ వస్తుంది.

కాబట్టి ఈసారి వాయుగుండం అన్న మాట వస్తే మా ఇంటి వరస ఇది. ముందు చేను, తర్వాత బిందెలు, డ్రమ్ములు నింపుకోవడం, వాకిట్లో వెదురు బద్దల స్టార్ దింపి మంచం కిందకి చేర్చడం, ఆ రాత్రి సున్నుండలు, మర్నాడు టైము మిగిలితే జంతికలు. అరిసెల బియ్యం తుఫాను దాటి కరెంటు వచ్చాకే నానేస్తాం, పండక్కి రెండు రోజుల ముందైనా సరే, అప్పటికి చెల్లి కూడా వచ్చి ఉంటుంది, అరిసెలు ఒత్తడానికి ఒక మనిషి పెరుగుతుంది. ఇక అచ్చుతో నూనెలో వేసే గులాబీ పువ్వులు, చెమ్మ తగిలితే అన్నిటికన్నా ముందు మెత్తబడేవి అవే, వాటిని చివరికి పెట్టాం. ఆ అచ్చు ఎలాగూ అత్తయ్య దగ్గరే ఉంది, 23 సాయంత్రం తెస్తానంది.