చేతి బొటనవేలు పోతే చేతికిచ్చే సొమ్మా, చట్టం ఇచ్చే పరిహారం క్లెయిమా?

నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె వైపు చేపల వేటకు బోటెక్కే వాళ్లలో ఎవరికైనా వించ్ (వల లాగే యంత్రం) తాడులో పడి బొటనవేలు తెగిందనుకోండి, ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఓనర్ మనిషి వచ్చి ఓ యాభై వేలు చేతిలో పెట్టి, ఇక ఏమీ అడగనని రాసిన కాగితం మీద సంతకం చేయమంటాడు. డబ్బు వెంటనే అందుతుంది, రేపు మళ్లీ ఆ బోటే ఎక్కాలి కదా, అందుకే చాలామంది తీసేసుకుంటారు. తప్పు పట్టలేం.

కానీ ఇటు లెక్క చూడండి. పనిలో గాయపడితే పరిహారం ఇప్పించే చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం సంపాదించే శక్తి పోయినట్టు. వయసు 40, నెల జీతం 15,000 అయితే దాదాపు 4,97,000 రావాలి, వైద్యం ఖర్చు వేరే. నెల దాటి ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ. "ఇక ఏమీ అడగను" అని రాసిచ్చినా ఆ కాగితంతో హక్కు పోదు, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉన్న ఈ రక్షణే 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది.

టైం పడుతుంది, టెన్షన్ కూడా. అసలు చిక్కు, జీతం బదులు వేటలో వాటా ఇచ్చే పద్ధతితో: "వాడు కూలీ కాదు, నా పాలివాడు" అని ఓనర్ అడ్డం తిరుగుతాడు. అందుకే అడ్వాన్స్ రాసిన పుస్తకం, ఫోన్‌పే మెసేజ్‌లు దాచుకోండి. నేనైతే ఆ యాభై వేలు తీసుకుంటాను, సంతకం మాత్రం పెట్టను.