‘ఒరిజినల్ డిస్క్’ అని కొంటే తాళం తప్పిన సినిమా వచ్చింది, జాగ్రత్త

అమ్మినాయన పేరు రాయను. పాత డిస్కులు కొనే అలవాటున్నవాళ్లకి రాయక్కర్లేదు కూడా. ప్రతి ఫొటో కింద ‘నమ్మకమే మా పెట్టుబడి’ అని పెట్టుకుంటాడు చూడండి, ఆయనే. నమ్మకం మనది, పెట్టుబడీ మనదే అని నాకు నిన్న సాయంత్రం అర్థమైంది. 1,850 రూపాయలు, కొరియర్‌కి 120 వేరే.

కొన్నది ‘ఆగస్ట్ రష్’ డీవీడీ. 2007 సినిమా, కర్‌స్టెన్ షెరిడన్ తీసింది. అనాథాశ్రమంలో పెరిగిన ఇవాన్ అనే పిల్లాడికి గాలిలో, గోధుమ చేలో, రోడ్డు మీది రొదలో అన్నింట్లో సంగీతం వినిపిస్తుంటుంది. ఆ సంగీతం వెంట పోతే అమ్మానాన్నా దొరుకుతారని న్యూయార్క్ వచ్చేస్తాడు. అమ్మ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయిస్తుంది, నాన్న గిటార్ వాయిస్తూ పాడతాడు, బిడ్డ బతికే ఉన్నాడని ఇద్దరికీ తెలియదు. నేను రాజమండ్రిలో ఇంట్లోనే పిల్లలకి వయొలిన్ చెబుతాను. సరళీ స్వరాలు మూడు కాలాల్లో నిలబడటానికి మా పిల్లలు ఏడాది తీసుకుంటే, ఇవాన్ కొన్ని నెలల్లో ఏకంగా ఆర్కెస్ట్రాకి రాప్సొడీ అనే పెద్ద సంగీత రచన రాసేస్తాడు. అది చూసి ఒక టీచర్‌గా నవ్వొస్తుంది. ఐనా ఎప్పుడు చూసినా చివర్లో కళ్లు తుడుచుకుంటాను. అందుకే సెలవులకి ముందు ఒక ఆదివారం క్లాసు మానేసి పిల్లలందరికీ చూపిద్దామనుకున్నాను. ఓటీటీలో ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. మా ఇంట్లో నెట్ సంగతి అడక్కండి. డిస్కైతే టెన్షన్ ఉండదనుకున్నాను. అవును, టెన్షన్ ఉండదని డిస్క్ కొన్నాను.

ఆయన ప్రకటనలో నాలుగు మాటలున్నాయి: ‘ఒరిజినల్ అమెరికా డిస్క్. ఆల్ రీజియన్. సీల్డ్. ఆస్కార్ విన్నర్.’ ఇప్పుడు ఒక్కో మాటా చదువుతుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. ఈ సినిమాకి ఆస్కార్ రాలేదు. ‘రెయిజ్ ఇట్ అప్’ అనే పాటకి నామినేషన్ వచ్చింది, అంతే. సంగీతం చెప్పి బతికేదాన్ని, ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, పోనీలే అమ్ముకునేవాళ్లు అలాగే రాస్తారు అని సరిపెట్టుకున్నాను. ఇక రీజియన్ సంగతి. ఏ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబరది. అమెరికాలో అమ్మే డీవీడీ మామూలుగా రీజియన్ 1. మన దేశానిది 5. పెద్ద స్టూడియో అమెరికాలో అమ్మిన ఒరిజినల్ డిస్కు ఆల్ రీజియన్ ఎలా అవుతుంది? ‘స్వచ్ఛమైన ఆవు నెయ్యి, గేదె పాలతో చేసింది’ అన్నట్టుంది. ఇదీ చదివాను, ఇదీ దాటేశాను. పేరున్న మనిషి, బోలెడంత మంది కొన్నారు, పైగా ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడాడో.

డిస్కు గురువారం వచ్చింది. ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది, బాగానే ఉంది. ముందు ఒకసారి వేసి చూడు అని మా ఆయన రెండుసార్లు అన్నారు. పిల్లలతో కలిసి కొత్తగా విప్పుదామని నేనే ఆపాను. ఇది ఎవరి తప్పో చెప్పనక్కర్లేదు.

నిన్న పద్నాలుగు మంది వచ్చారు. ఒక పిల్లాడి నాన్నగారు ప్రొజెక్టర్ తెచ్చిపెట్టారు, హాల్లో కర్టెన్లు వేశాం, గోడకి తెల్ల దుప్పటి కట్టాం. కాగితం చింపి డిస్క్ తీశానో లేదో, ముందు వరుసలో కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల, “టీచర్, ఇది మా అమ్మానాన్నల పెళ్లి డీవీడీలా ఉంది” అంది. తిప్పి చూశాను. వెనక వైపు ఊదా రంగు. ఫొటో స్టూడియో వాళ్లు పెళ్లి వీడియో ఎక్కించి ఇస్తారే, అచ్చం అదే రంగు. అట్ట మీద చూస్తే ఇందులో నటించిన రాబిన్ విలియమ్స్ పేరులో ఒక ‘బి’ ఎక్కువుంది. పాపం ఆ మహానుభావుడు పోయి ఇన్నేళ్లయింది, ఆయన పేరైనా సరిగ్గా రాయకపోతే ఎలా?

అక్కడే ఆపాల్సింది. పద్నాలుగు జతల కళ్లు గోడ వైపు చూస్తుంటే ఆపబుద్ధి కాలేదు. వేశాను.

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా వచ్చింది. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి కదా, ఆపి ఆపి తెలుగులో చెబుదామనుకున్నాను. కింద ఏదో తెలియని లిపి పడుతోంది, తీసేద్దామంటే పోదు. సరే, నోటితోనే చెప్పుకుంటూ పోయాను. పావుగంట గడిచాక మాటకీ పెదాలకీ పొత్తు లేదనిపించింది. నాకే అలా అనిపిస్తోందేమో అనుకున్నాను.

ఆ తర్వాత గిటార్ సీను వచ్చింది. ఈ సినిమా కొన్నదే దానికోసం. ఇవాన్‌కి గిటార్ పట్టుకోవడం తెలియదు. దాన్ని పడుకోబెట్టి, అరచేతులతో తీగల మీద తడతాడు, గిటార్ మెట్ల మీద కొడతాడు, ఆ దెబ్బల్లోంచే పాట పుడుతుంది. ఆ వాయింపు వెనక కాకీ కింగ్ అనే గిటారిస్టు చేతులున్నాయి. మృదంగం, వీణ రెండూ ఒకే చెక్కలోంచి పలికినట్టుంటుంది. పిల్లలు ఎలా నోళ్లు తెరుస్తారో చూడాలని నేను గోడ వైపు కాకుండా వాళ్ల వైపు తిరిగి కూర్చున్నాను. వాళ్లు నోళ్లు తెరవలేదు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. తాళం బాగా పట్టే ఒక కుర్రాడున్నాడు, తొడ మీద చెయ్యి వేసి లెక్క పెడుతూ, “టీచర్, చెయ్యి ముందు పడుతోంది, దెబ్బ తరవాత వినిపిస్తోంది” అన్నాడు. అరచెయ్యి తీగల మీద పడి, లేచి, మళ్లీ పడేలోపు మొదటి దెబ్బ శబ్దం వస్తోంది. చెవుల గురించి తీసిన సినిమా ఇది. అందులో చేతికీ చెవికీ ఒక సెకను దూరం. అలా చూడటం కంటే కరెంటు పోతే నయం.

ఆ పిల్లాడి అన్నయ్య ఇంజినీరింగ్ చదువుతున్నాడు, లాప్‌టాప్ తెచ్చి అందులో వేసి చూశాడు. సౌండుని వెనక్కీ ముందుకీ జరిపే మీటలుంటాయట, జరిపాడు. ఐదు నిమిషాలు సర్దుకుంటుంది, మళ్లీ తప్పుతుంది. తేడా ఒక చోట ఉండటం లేదు, సినిమా సాగేకొద్దీ సాగుతోంది. తండ్రీ కొడుకులు ఒకళ్లకొకళ్లు ఏమవుతారో తెలియకుండా వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో పక్కపక్కన కూర్చుని గిటార్లు వాయించే సీను ఉంటుంది. అక్కడికొచ్చేసరికి నాన్న వాయించింది కొడుకు చేతుల్లోంచి, కొడుకు వాయించింది గాల్లోంచి వస్తోంది. నాలుగు చేతుల జుగల్‌బందీని నాశనం చెయ్యడం అంత తేలిక కాదు, మన పెద్దమనిషి చేసి చూపించాడు.

ఐనా పిల్లలు లేవలేదు, కథ పట్టుకుంది. సెంట్రల్ పార్కులో కచేరీ మొదలైంది. పిల్లాడు ఆర్కెస్ట్రాని నడిపించే బాటన్ కర్ర ఎత్తాడు. అమ్మ అక్కడే ఉంది. నాన్న పార్కు వైపు పరుగెడుతున్నాడు. బొమ్మ ఆగింది. చిన్న చిన్న గళ్లు పడ్డాయి, సౌండు ‘క్ర్ క్ర్’ అని రెండుసార్లు అంది, గోడంతా నల్లగా అయిపోయింది. డిస్క్ తీసి చీర కొంగుతో తుడిచాను, మళ్లీ వేశాను, అక్కడే ఆగింది. లాప్‌టాప్‌లో వేశాం, అక్కడే. 114 నిమిషాల సినిమాలో అసలైన ఆఖరి ఘట్టం డిస్కులోనే లేదు. చీకట్లో ఎవరో “అంతేనా టీచర్?” అన్నారు. ఏం చెప్పను?

ఇదంతా ఒక ఎత్తు. ఇంతవరకూ ఐతే పోయింది డబ్బేగా అని ఊరుకునేదాన్నేమో. సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను. గొంతు పెంచలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. ముందు మీ ప్లేయర్ పాతది మేడం అన్నాడు. లాప్‌టాప్‌లోనూ వేశామన్నాను. సీల్ తీసిన డిస్క్ వాపసు తీసుకోనన్నాడు. సీల్ తియ్యకుండా డిస్క్ ఎలా చూస్తారండీ అంటే జవాబు లేదు. సౌండు తప్పుతోందని మళ్లీ చెబితే, ఒక నవ్వు నవ్వి, “మ్యూజిక్ సినిమా అడిగారు, మ్యూజిక్ వస్తోంది కదా మేడం. చేతులెవరు చూడమన్నారు?” అన్నాడు. అప్పటికీ ఓర్చుకున్నాను. పిల్లలు పద్నాలుగు మంది చూశారండీ, నా పరువు పోయింది అన్నాను. దానికి ఆయన అన్న మాట:

“చిన్నపిల్లలకి చూపించడానికి ఒరిజినలే కావాలా మేడం? వాళ్లకేం తెలుస్తుంది?”

ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. డిస్కు దొంగదని కనిపెట్టింది తొమ్మిదేళ్ల పిల్ల. తాళం తప్పిందని కనిపెట్టింది పదకొండేళ్ల కుర్రాడు. వాళ్లకేం తెలుస్తుందట. తెలియనిది నాకే బాబూ, నలభై ఆరేళ్లొచ్చిన నాకే. ఇవన్నీ ఆయనతో అనాల్సినవి, అప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. “ఉంటానండీ” అని పెట్టేశాను. ‘ఉంటానండీ’! మోసం చేసినవాడికి ‘అండీ’ తగిలించి మరీ ఫోన్ పెట్టేసిన ఘనత నాది. రాత్రంతా మంచం మీద పడుకుని ఆయనకి ఒక్కో జవాబూ చెబుతూనే ఉన్నాను.

ఈ ఉదయం డిస్క్ వెనక వైపు ఫొటో, అట్ట మీది పేరు ఫొటో పంపించాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాల తర్వాత ఆయన ఫొటో మాయమైంది. బ్లాక్ చేశాడు. అదే డిస్కు ఇంకొకటి మధ్యాహ్నం మళ్లీ అమ్మకానికి పెట్టాడు, మా చెల్లెలి ఫోన్లో చూశాను. అదే ఫొటో, అదే ‘ఆస్కార్ విన్నర్’. ధర మాత్రం 1,950 చేశాడు.

అందుకే ఇది రాస్తున్నాను. అట్ట ఫొటో చూసి కొనకండి, డిస్క్ వెనక వైపు ఫొటో అడగండి. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డీవీడీ వెనక వెండి రంగులో ఉంటుంది, కొన్నింటికి కాస్త బంగారు ఛాయ ఉంటుంది. ఊదా రంగంటే కంప్యూటర్లో ఎక్కించింది. మధ్య కన్నం చుట్టూ ఉండే వలయంలో చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ‘ఐఎఫ్‌పీఐ’ (IFPI) అనీ, పక్కన కోడూ మామూలుగా ఉంటాయి, భూతద్దం పెడితే కనిపిస్తాయి. సీల్డ్ అంటే ఇంకా జాగ్రత్త, ఆ కాగితం చుట్టే మిషను ఎవరైనా కొనుక్కోవచ్చు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి. నేను తియ్యలేదు, దుప్పటి కట్టే హడావిడిలో ఉన్నాను. డబ్బు నేరుగా యూపీఐలో పంపకండి. నేను పంపాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది. డబ్బొస్తే ఇక్కడే చెబుతాను.

ఇంకొకటి. ఎవరి దగ్గరైనా ఈ సినిమా నిజమైన డిస్కు ఉంటే నాకు అమ్మక్కర్లేదు, ఒక్క ఆదివారం అప్పివ్వండి, కొరియర్ రెండు వైపులా నేనే పెట్టుకుంటాను. ఆఖరి ఇరవై నిమిషాలు చాలు. ఇవాన్ వెనక్కి తిరిగి అమ్మానాన్నల్ని చూశాడా లేదా అని పొద్దున్నుంచి ముగ్గురు తల్లులు ఫోన్ చేశారు. పిల్లలు అడుగుతున్నారట. నేను చెప్పలేదు.